పొంగని రొట్టె

అయినా గుప్పెడేగా. గుప్పెడు గోధుమపిండితో మునిగిపోయేదేముంది? కలిపిన మొదటి రోజు నిజంగా గుప్పెడే. అది గరిటె ఎప్పుడైందో, గరిటె కాస్తా సగానికి సగం ఎప్పుడైందో అతనికి సరిగా గుర్తులేదు. గుర్తులేదనుకోవడం సులువు కాబట్టి అలా అనుకుంటున్నాడేమో. బేకరీ యజమాని చేతులు పిండిముద్దను మడుస్తూ, నొక్కుతూ వాటి పని అవి చేసుకుపోతున్నాయి. బుర్ర మాత్రం ఒక్కచోట నిలవడం లేదు.

పైనుంచి భార్య దిగుతున్న చప్పుడు వినిపించింది. ఒక మెట్టు మీద ఒక కాలు, అదే మెట్టు మీద రెండో కాలు, తర్వాత కాసేపు నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ఆమె కమ్మీ పట్టుకుని ఊపిరి తీసుకుంటోందని అతనికి తెలుసు. ఇల్లు పైన, కొట్టు కింద. కౌంటర్లో కూర్చుని వచ్చిన ప్రతివాడితోనూ రెండు మాటలాడకపోతే ఆమెకు రోజు గడిచినట్టుండదు. బరువు తగ్గితే మోకాళ్ళు దారికొస్తాయనీ, లేకపోతే మెట్ల సంగతి మర్చిపోవాలనీ డాక్టరు ఖరాఖండిగా చెప్పేశాడు.

జిమ్‌లో కసరత్తులు నేర్పే కూతురు ఆ రోజే వంటింటి మీద దండెత్తింది. బియ్యం, గోధుమ, చక్కెర బంద్. అన్నం బదులు తురిమి వేయించిన కాలీఫ్లవర్ వచ్చింది. పొద్దున్న గుడ్లు, మధ్యాహ్నం చేపముక్కా ఆకుకూరా, టీతో బిస్కెట్ల బదులు కీరా చక్రాలు. అతనికి అభ్యంతరం లేకపోయింది. మూతి ముడవకుండా కాలీఫ్లవర్ తిన్నాడు, ప్యాంటు వదులైతే మురిసిపోయాడు కూడా. చిక్కంతా అంచు ముక్క దగ్గర వచ్చింది.

పెళ్ళైన కొత్తలో మొదలైన అలవాటది. ఓవెన్‌లోంచి తీసిన మొదటి రొట్టె అంచు తుంచి ఆమె అరచేతిలో పెట్టేవాడు. ఆమె ఊదుకుంటూ, చేతులు మార్చుకుంటూ నిలబడే తినేది. కూతురి కొత్త తిండి మొదలైన రోజు "వద్దండీ" అంది. ఎంతో మెత్తగానే అంది. "మంచిదే" అని అతనూ నవ్వాడు. ఆ ముక్క సాయంత్రం దాకా బల్ల మీదే ఎండిపోయింది. అటువైపు వెళ్ళినప్పుడల్లా అది కనిపించింది.

బాదంపిండితో రొట్టె చేయొచ్చని కూతురు చెప్పగానే ఎగిరి గంతేసినంత పని చేశాడు. కానీ మొదటిది పెంకులా వచ్చింది. ఆమె కొరికి, నమిలి, "బాగుంది" అంది. చిన్నపిల్లలు గీసిన బొమ్మను మెచ్చుకునే గొంతు అది. మర్నాడు గుప్పెడు గోధుమపిండి కలిపాడు. రొట్టె పొంగింది. ఆమె కళ్ళు మూసుకుని, "హమ్మయ్య, ఇప్పుడు మీ చేతి రొట్టెలా ఉంది" అంది.

ఆ మాట కోసమే మిగతాదంతా జరిగింది. తినొచ్చన్నారు కదా అని ఆమె పొద్దునా సాయంత్రమూ ధైర్యంగా తింటూ వచ్చింది.

వీధి తలుపు తోసుకుని కూతురు వచ్చింది, చంకలో బరువు తూచే మిషనుతో.

"ఎక్కమ్మా."

"చెప్పులతోనా, తీసేసా?"

"చెప్పుల మీద ఆశ పెట్టుకోకు. తీసెయ్."

తల్లి గోడ పట్టుకుని ఎక్కింది. కూతురు వంగి చూసింది. మళ్ళీ వంగి అంకె సరిచూసుకుంది.

"తగ్గలేదు. పైగా కాస్త పెరిగావు."

"మిషన్ పాడైపోయుంటుంది. మీ నాన్నని ఎక్కించి చూడు."

"నాన్న ప్యాంటు ఊడిపోకుండా బెల్టుకి కొత్త కన్నం పొడిచింది నేనే. మిషన్‌ది తప్పేం లేదు." కూతురు స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది. "నిజం చెప్పమ్మా, తిట్టను. కౌంటర్లో బన్నులు లాగిస్తున్నావా?"

"ఒట్టు, ఒక్క ముక్క ముట్టుకోలేదు. బన్నుల బీరువా తాళంచెవి మీ నాన్నకే ఇచ్చేశాను. ఎవరైనా బన్ను అడిగితే ఈయన్ని కేకేసి తీయిస్తున్నా. అందరూ నవ్వుకుంటున్నారు, ఈ వయసులో ఈవిడకి కాపలా ఏంటని."

తాళంచెవి అతని జేబులో తొడకు గుచ్చుకుంది. పిండిముద్దను అవసరం లేకపోయినా ఇంకోసారి మడిచాడు.

"మరెలా పెరిగావు? గాలి పీల్చా?" కూతురి గొంతు హెచ్చింది. "నీ మోకాళ్ళ కోసమే కదా నేను నెత్తీ నోరూ కొట్టుకునేది? దాచుకుని తింటే ఎవరికమ్మా నష్టం?"

తల్లి తన పాదాల వైపు చూసుకుంది. మాట్లాడినప్పుడు గొంతు బాగా కిందికి దిగిపోయింది.

"నిద్రలో లేచి తింటున్నానేమోనే."

"ఏంటీ?"

"నాకూ అర్థం కావట్లేదు. అందుకే పడుకునేముందు దుప్పటి అంచు మంచానికి ముడేసుకుంటున్నా. పొద్దున లేస్తే ముడి అలాగే ఉంటోంది. అయినా అనుమానం తీరదు. విప్పుకుని వెళ్ళి, తినొచ్చి, మళ్ళీ కట్టుకుంటున్నానేమోనని."

అతని చేతులు ఆగిపోయాయి. ఆ ముడి అతను చూశాడు. కాళ్ళకు చలేస్తోందేమో అనుకుని పక్కకు తిరిగి పడుకున్నాడు. తన పక్కనే ఒక మనిషి తనకు తానే కాపలా కాసుకుంటూ పడుకుంటే, తనకు హాయిగా నిద్ర పట్టింది.

"రేపట్నుంచి రాత్రి భోజనం మానేస్తా" అంది ఆమె.

"పస్తులుండమని నేను చెప్పలేదమ్మా. కడుపు నిండా తిను, సరైనవి తినమన్నా."

"ఇంకేం మానను మరి? నాకంటూ మిగిలింది మీ నాన్న రొట్టె ఒక్కటే. అదీ తీసేస్తావా?"

"అదెందుకు తీసేస్తాను? అందులో ఏముందో నాకు తెలుసుగా."

"నీకు తెలీదు" అన్నాడతను.

ఇద్దరూ అతని వైపు తిరిగారు. నోరు జారిందని చెప్పి తప్పించుకునే వీలు ఇంకా ఉంది. మాట మార్చడానికి ఏవేవో దారులు బుర్రలో గబగబా మెదిలాయి. ఒక్కటీ నచ్చలేదు.

"అందులో గోధుమపిండి ఉంది. సగం."

కూతురు లేచి నిలబడింది. "సగమా? ఎప్పట్నుంచి?"

"రెండో రోజు గుప్పెడుతో మొదలైంది. పెరుగుతూ వచ్చింది."

"ఎందుకు నాన్నా?"

"పొంగట్లేదు. ఇన్నేళ్ళ పనిలో కూలిపోయిన రొట్టె ఈ బల్ల దాటి బయటికి పోలేదు." చెబుతుండగానే అతనికి తెలిసింది, ఇది నిజమే గానీ అసలు సంగతి ఇది కాదని.

"నీ రొట్టె పరువు కోసం అమ్మని దొంగని చేశావా? నేనేమో తనని నిలదీస్తున్నాను, నువ్వక్కడ నిలబడి వింటున్నావు!"

భార్య మిషన్ మీంచి దిగింది. చెప్పులు తొడుక్కుని, అతని ముందుకొచ్చి చెయ్యి చాపింది.

"ఆ బన్నుల బీరువా తాళంచెవి ఇలా ఇవ్వండి."

ఇచ్చాడు. ఆమె మెల్లగా నడుచుకుంటూ వెళ్ళి కొట్టు తెరిచింది.

మధ్యాహ్నం దాకా ఆమె నవ్వు కౌంటర్లోంచి అప్పుడప్పుడు వినిపించింది, వచ్చినవాళ్ళ కోసం. కూతురు మిషన్ చంకలో పెట్టుకుని పనికి వెళ్ళిపోయింది. కడిగిన పళ్ళాలే అతను మళ్ళీ కడిగాడు. భార్య నాజూగ్గా తయారైతే తనకేం భయం? మెట్లు చకచకా దిగితే తనకేం నష్టం? ఎటు తిప్పినా ఆలోచన ఆ ఎండిన అంచు ముక్క దగ్గరికే వచ్చి ఆగింది.

కొట్టు ఖాళీ అయ్యాక, అతను సాయంత్రం బన్నులకి పిండి కలుపుతుంటే, ఆమే లోపలికొచ్చి కూర్చుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"పొంగకపోతే పోయింది, చెప్పచ్చుగా?"

"నీకు నచ్చలేదు కదా ఆ మొదటిది."

"నచ్చలేదు. అయినా తినేదాన్ని. రుచి కోసమా నా అవస్థంతా? నాకు మెట్లు దిగాలని ఉందండీ." ఆమె రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించుకుంది. "నాకు మతి తప్పుతోందనుకున్నాను. అది మీకేమైనా అర్థమవుతోందా?"

అతను తలెత్తలేకపోయాడు. "ఆ రోజు నువ్వు అంచు ముక్క వద్దన్నావు."

"ముక్క వద్దన్నాను."

"నాకు రెండూ ఒకటే అనిపించింది. ముక్కా, నేనూ."

ఆమె అతని వైపు చూసింది. కోపం పోలేదు, కానీ ఎక్కడో కాస్త సడలింది.

"ఇన్నేళ్ళలో ఒక్కసారైనా అడిగారా, ఆకలిగా ఉందా లేదా అని? చేతిలో పెట్టేసేవారు. నేనూ తినేసేదాన్ని. ఒంట్లో బాగోనప్పుడు కూడా. మీ మొహం చూసి."

అతని కళ్ళు నిండాయి. తుడుచుకోబోతే చేతినిండా పిండి.

మర్నాడు తెల్లవారుతుంటే బాదంపిండిలో గుడ్లు కొట్టి కలిపాడు. గోధుమపిండి డబ్బా పక్కనే ఉంది. మూత తీయలేదు. ఓవెన్ అద్దంలోంచి చూస్తూ నిలబడ్డాడు. రొట్టె కాస్త లేచినట్టే లేచి కుంగిపోయింది. ఆ అనాకారి రొట్టెను తన బల్ల మీద, తన రొట్టెల పక్కనే పెట్టాడు.

మెట్ల మీద చప్పుడు, నిశ్శబ్దం, చప్పుడు. ఆమె వచ్చి స్టూలు మీద కూర్చుని మోకాళ్ళు రుద్దుకుంది.

అతను ఆ రొట్టె అంచు తుంచాడు. సగం పొడిగా రాలింది. మిగిలిన ముక్కతో చెయ్యి అలవాటుగా ఆమె అరచేతి వైపు వెళ్ళింది. మధ్యలో ఆగింది. ముక్కను పళ్ళెంలో పెట్టి, పళ్ళెం ఆమె ముందుకు జరిపి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"తింటావా?" అని అడిగాడు.