పదిహేడో జాబు

రాబర్ట్‌సన్‌పేటలో డిటెక్టివ్ రత్న ఆఫీసు మెట్లెక్కి వచ్చిన తాయమ్మ, కుర్చీలో కూర్చున్నాక కూడా బిగించి పట్టుకున్న కొంగు వదల్లేదు. ముప్పై ఏళ్లుగా భర్త రాసుకున్న పుస్తకం బీరువాలోంచి పోయిందని చెప్పింది. సోమవారం అచ్చుకు పోవలసింది. మూడు రోజులుగా ఆయన అన్నం ముట్టడం లేదు.

ఆమె భర్త శ్రీరామప్ప గని కార్మికుడి కొడుకు. చిన్నప్పుడు పక్కింటి మౌల్వీ దగ్గర నేర్చిన అరబ్బీయే ఆయన్ని కాలేజీ మేష్టర్ని చేసింది. పదమూడు వందల ఏళ్ల కిందట ఈజిప్టులో ముస్లిం వర్తకులు, తల్లులు, తండ్రులు రెల్లు కాగితాల మీద రాసుకున్న జాబుల ఫోటోలు ఎక్కడెక్కడి మ్యూజియంల నుంచో తెప్పించి, చదివి, పరిష్కరించడంలోనే ఆయన వయసంతా గడిచింది.

రత్న వెంట కోరమండల్‌ పేటలోని వాళ్లింటికి బయల్దేరిన అసిస్టెంటు మోహన్ దారిలోనే దొంగను తేల్చేశాడు. శ్రీరామప్ప శిష్యురాలు సవిత, ఆ పుస్తకాన్ని తన పేరుతో వేసుకోవాలనుకుని ఉంటుందన్నాడు. రత్న నవ్వి ఊరుకుంది.

గడప దగ్గర ఒక కుర్రవాడి చెప్పులు తుడిచి పెట్టి ఉన్నాయి. అవి తన కొడుకు నాగేశ్‌వని, నరసాపురం ఫ్యాక్టరీలో షిఫ్టుకు పోతూ బైకు మీంచి పడి రెండేళ్ల కిందట చనిపోయాడని తాయమ్మ చెప్పింది.

బీరువా తాళం ఎవరూ పగలగొట్టలేదు. తాళంచెవి వంటింటి మేకుకు వేలాడుతుందని ఇంట్లో మసిలేవాళ్లందరికీ తెలుసు. ఫోటోలన్నీ భద్రంగా ఉన్నాయి. పోయింది నోటుపుస్తకం ఒక్కటే. సవిత టైపు చేసిన పదహారు జాబులు బల్ల మీదున్నాయి. ప్రతి పేజీలోనూ కనిపించిన చదరపు బ్రాకెట్లు ఏమిటని రత్న అడిగింది. కాగితం చిరిగిన చోట పరిష్కర్త ఊహించి పూరించిన మాటల్ని వాటిలో పెట్టాలనీ, పెట్టకపోతే అది మోసమేననీ, మేష్టారి పక్కన కూర్చున్న సవిత తలెత్తకుండా చెప్పింది.

పదిహేడోది ఒక తండ్రి కొడుక్కి రాసిన జాబు. అది గుర్తుందా అని రత్న అడగ్గానే శ్రీరామప్ప కళ్లు మూసుకుని తెలుగులో చెప్పుకుపోయాడు.

"నాయనా, నువ్వు పోయినాక ఇంట్లో మాటే లేకుండా పోయినాది. గడప కాడ నీ చెప్పులు అట్లే ఉండాయి. మీ అమ్మ దినమూ తుడిచి పెడతాది..."

ఎక్కడా తడుముకోలేదు. మోహన్ చేతిలోని ఫోటోలో మాత్రం, జాబు నడుమ మూడు వరసల మేర పెద్ద చిల్లు ఉంది.

రత్న అందరినీ కూర్చోబెట్టింది.

"ఫోటోలు లేకపోతే ఈ పుస్తకాన్ని ఎవరూ నమ్మరు. సొంత పేరుతో వేసుకోవాలనుకున్నవాళ్లయితే వాటినీ తీసుకుపోయేవాళ్లు. పుస్తకం ఒక్కటే తీసింది అచ్చు ఆపాలనుకున్న మనిషి. టైపు పదహారు దగ్గర ఆగిపోయింది. పదిహేడులో మీరు బ్రాకెట్లు పెట్టలేదు కదూ, మేష్టారూ?"

మూడు రోజులుగా సంచీలో మోస్తున్న నోటుపుస్తకాన్ని సవిత తీసి బల్ల మీద పెట్టింది.

"అచ్చయితే నలుగురూ మిమ్మల్ని మోసగాడంటారు సార్. మీకు చెప్పేదానికి నాకు నోరు రాలేదు."

మోహన్ ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు.

శ్రీరామప్ప ఆ పేజీ తీసి చాలాసేపు చూసుకున్నాడు. "చదివినాననే అనుకొన్నాను తల్లీ. ఆ చిల్లులో నాకు కనిపించినాది."

తాయమ్మ వచ్చి ఆయన పక్కన కూర్చుంది. రెండేళ్లలో ఈయన కొడుకు ఊసు ఒక్కసారి కూడా ఎత్తలేదని, తనకొక్కతికే దుఃఖమనుకున్నానని రత్నతో మెల్లగా చెప్పింది. శ్రీరామప్ప ఆమె చేతిమీద చెయ్యి వేశాడు.

కాసేపటికి పెన్సిలు అడిగి తీసుకుని ఆ మూడు వరసలూ కొట్టేశాడు. పుస్తకం సవిత ముందుకు జరిపి, కింద వివరణ రాసుకొమ్మన్నాడు.

"ఈడ మూడు వరసలు పోయినాయి. ఏముండిందో చెప్పలేము."