కుదురుగా కూర్చోబెట్టిన కోరపన్ను

ఉడుత చేతుల్లో పళ్ళు మాట్లాడుకుంటున్నాయి.

"హోంవర్క్ చేశావా?" అంది పై వరుస.

"రేపు చేస్తాను టీచర్! టక టక టక!" అంది కింది వరుస.

ఉడుతకు వేరే మంచి పేరుంది. కానీ క్షణం కుదురుగా ఉండదు కాబట్టి ఇంట్లో అందరికీ ఉడుతే. వాళ్ళమ్మ పళ్ళ డాక్టరు. బడి అయిపోగానే ఉడుత క్లినిక్‌కి వచ్చి, వెనక గదిలో చదువుకోవాలి. ఆ గది అలమర నిండా తెల్లటి ప్లాస్టర్ పళ్ళే.

వంకర పళ్ళకు క్లిప్పులు వేసే ముందు, అమ్మ ఒక మెత్తటి ముద్దను నోట్లో పెట్టి, రెండు నిమిషాలు గట్టిపడనిచ్చి అచ్చు తీస్తుంది. అందులో ప్లాస్టర్ పోస్తే, అచ్చం వాళ్ళ పళ్ళలాంటి మోడల్ తయారవుతుంది. దాన్ని కొలిచి, ఏ పన్ను ఎటు జరగాలో, ఏ క్లిప్పు ఎక్కడ అతకాలో పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకుంటుంది.

"వాటి జోలికి వెళ్ళకు" అని అమ్మ చెప్పి గంట కూడా కాలేదు.

టక టక... టక్!

కోరపన్ను ఊడి బల్ల మీద పడింది. అది వాళ్ళ బడిలోనే తొమ్మిదో తరగతి చదివే ఒక అక్క మోడల్.

డ్రాయరులో జిగురు కనిపించింది. హమ్మయ్య! ఆ కోరపన్ను వరుసలో చోటు దొరక్క ముందుకు పొడుచుకొచ్చి ఉండేది. 'మళ్ళీ వంకరగా అతికించడమెందుకు? తిన్నగా పెడితే అమ్మకు సగం పని తప్పుతుంది కదా!' అనుకుంది మన తెలివైన ఉడుత. పన్ను ఆ ఇరుకులో పట్టలేదు. దాన్ని గచ్చు మీద అటూ ఇటూ రుద్ది, సన్నగా చేసి, కుదురుగా కూర్చోబెట్టింది. చూసుకుని మురిసిపోయింది కూడా.

కాసేపటికి అమ్మ వచ్చి ఆ మోడల్‌నే తీసింది. కొలిచింది. మళ్ళీ కొలిచింది.

"ఇదేంటే, ఈ పన్నుకు చోటే లేదనుకున్నాను. చక్కగా పట్టిందే!" అంటూ కళ్ళజోడు తీసి కోటు అంచుతో తుడుచుకుంది. "నా చూపు మందగిస్తోందేమో. ప్లానంతా మార్చాలి."

ఉడుత పుస్తకంలో తల దూర్చింది. కానీ అక్షరాలు కనబడితేగా! అమ్మ మూడోసారి కొలుస్తోంది, తన కళ్ళనే తను నమ్మలేక. పాపం అమ్మ. ఉడుతకు ఏడుపు ముంచుకొచ్చింది.

"నీ కళ్ళు బాగానే ఉన్నాయమ్మా. పన్ను నేనే విరగ్గొట్టాను. నేనే అరగదీసి అతికించాను."

అమ్మ మోడల్‌ను దీపం కిందకు తీసుకెళ్ళి చూసింది. జిగురు గీత కనిపించింది. ఇక వీపు విమానం మోతే అనుకుంది ఉడుత. అమ్మ నిట్టూర్చి, దగ్గరకు లాక్కుంది.

"పిచ్చి తల్లీ, వంకర ఎంతుందో అంతా కనబడితేనే కదా నేను సరిచేసేది! దీన్ని చూసి క్లిప్పులు వేసుంటే ఆ పిల్ల పన్ను ఏమైపోయేదో."

"మళ్ళీ అతికించనా?"

"అరగదీశావుగా. అచ్చు మళ్ళీ తీయాల్సిందే."

ఉడుత ముఖం పాలిపోయింది. మొన్న ఆ ముద్ద నోట్లో పెట్టగానే అక్క డోకుకుంటూ కళ్ళనీళ్ళు పెట్టుకోవడం తను చూసింది.

అమ్మ ఫోన్ అందుకుంది. "మోడల్ పాడైందని చెప్తాలే. నువ్వు చదువుకో."

"వద్దమ్మా, నేను చెప్తాను."

అవతల అక్క 'హలో' అనగానే ఉడుత మొదలుపెట్టింది. "అక్కా, నీ పళ్ళ మోడల్... అది..." ఒక్క క్షణం ఆగింది. "ఆడుకుంటూ నేనే విరగ్గొట్టాను. ఎవరికీ తెలియకుండా అతికించేశాను కూడా. సారీ అక్కా. నువ్వు మళ్ళీ రావాలి."

"ఏంటీ? మళ్ళీ ఆ ముద్దా?" అక్క కేకకు ఫోన్ చెవికి దూరంగా పెట్టాల్సి వచ్చింది. చివరికి, "సరే. కానీ నువ్వు నా పక్కనే ఉండాలి. పారిపోయావో, చెప్తా నీ పని!" అంది.

మర్నాడు సాయంత్రం అమ్మ ముద్ద కలిపి అక్క నోట్లో పెట్టింది. అక్క కళ్ళు పెద్దవయ్యాయి. ఉడుత చేతిని గట్టిగా పట్టుకుని నలిపేసింది.

"ముక్కుతో గాలి పీల్చు అక్కా. మెల్లగా... అదిగో, అలా. ఒకటి, రెండు, మూడు..."

వేళ్ళు ఎర్రబడ్డాయి. నొప్పి పుట్టింది. అయినా నూట ఇరవై లెక్కపెట్టేదాకా, ఉడుత చెయ్యి వెనక్కి తీసుకోలేదు.