బాండీకి అవతలివైపు మనిషి

పొద్దున్న ఎనిమిదింటికి ఫోను వచ్చేసరికి వెనింగ్ వంటింట్లో సోయాగింజల టెంపే ముక్కలు వేయిస్తోంది. జోగ్యాకర్తా నగరంలోని ఉచిత న్యాయసహాయ సంఘంవాళ్లు ఆమె మామగారి కేసు తిరగదోడడానికి ఒప్పుకున్నారట. విన్నపం మాత్రం రెండు పేజీలు దాటకూడదన్నారు. ఇలాంటి అవకాశం ఒక్కసారే వస్తుందని కూడా చెప్పారు. పెళ్లై పందొమ్మిది రోజులే అయిన వెనింగ్ చేతిలో అట్లకాడతోనే పరిగెత్తి భర్త తెగార్‌ని కావలించుకుంది. ఆఫీసు చొక్కాకి నూనె మరక పడినా అతను నవ్వుతూనే ఉన్నాడు.

అత్తగారు సుపార్మి బీరువాలోంచి ఓ ఉత్తరం తెచ్చింది. బియ్యం మిల్లు తగలబెట్టాడన్న నేరం మీద మూడేళ్లుగా జైల్లో ఉన్న మామగారు మర్సుది, తాను నిర్దోషినంటూ రాసిన పద్నాలుగు పేజీలవి. కాలేజీలో వక్తృత్వ పోటీలు గెలిచిన కోడలు పెన్సిలు పట్టుకుని కూర్చుంది. అరగంటలో పదకొండు పేజీలు కొట్టేసింది.

"ముప్పై ఏళ్లలో ఒక్క పూట నమాజు మానలేదని రాశారు. అదీ కొట్టేశావా? అబద్ధమా అది?" అంది సుపార్మి.

"నిజమే అత్తయ్యా. కానీ మిల్లు తగలబెట్టలేదనడానికి అది సాక్ష్యం ఎలా అవుతుంది?"

ఊళ్లో రెండొందల మంది సంతకాలు పెట్టారని సుపార్మి గుర్తుచేసింది. వాళ్లలో ఒక్కరూ మిల్లు దగ్గర లేరు కదా అంది కోడలు. మిల్లు యజమాని జూదగాడంది అత్తగారు. జూదగాడి మిల్లయితే మాత్రం తగలబెట్టొచ్చా అని అడిగింది కోడలు. తన కన్నీళ్ల గురించి మర్సుది రాసిన పేజీ మీద కూడా అడ్డగీత కనిపించేసరికి సుపార్మి ఉత్తరం మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇంటికొచ్చి నెల కాలేదు. ఆయనే చేశాడనుకుంటున్నావు కదూ?"

"చేయలేదనే నమ్ముతున్నాను. నాకు నమ్మకం చాలు, వాళ్లకి కారణం కావాలి."

ఎవరి వైపు మాట్లాడాలో తెలియక తెగార్ టీ పెట్టడానికి లేచాడు.

వెనింగ్ తొమ్మిదో పేజీ తీసింది. తన మంచితనం చెప్పుకోవడానికి మర్సుది అక్కడో మాట రాశాడు. మిల్లు తగలబడిన రోజు కూడా పక్కింటి పెళ్లిలో బియ్యప్పిండి, కొబ్బరిపాలు, బెల్లం ఉడికించి చేసే జెనాంగ్ మిఠాయిని చేతులు బొబ్బలెక్కేలా కలిపాడట. పెళ్లింట్లో జనం వస్తూ పోతూ ఉంటారు, అరగంట తప్పుకుని వెళ్లి ఉండొచ్చని కోర్టు ఆ మాట తీసిపారేసింది.

"అత్తయ్యా, జెనాంగ్ కలుపుతూ మధ్యలో వదిలేసి వెళ్లొచ్చా?"

సుపార్మి కళ్లు తుడుచుకుని, ఏమీ తెలియని పిల్లని చూసినట్టు చూసింది. "వెళ్తే అడుగంటిపోదూ? బాండీకి అటొకరు, ఇటొకరు నిలబడి ఆరు గంటలు తిప్పాల్సిందే. ఒకడు తెడ్డు వదిలితే రెండోవాడు వీధంతా వినపడేలా తిడతాడు. మీ కాలేజీలో ఇదీ చెప్పలేదా?"

"మరి ఆ రోజు అవతలి తెడ్డు ఎవరిది?"



"పోనిమాన్ అన్నయ్యది" అంది సుపార్మి.

వరసకి అన్నయ్యే అయినా, సాక్ష్యం చెప్పడానికి అతను కోర్టుకి రాలేదన్న కోపంతో మూడేళ్లుగా ఆ ఇంటి గడప తొక్కలేదామె. ఉత్తరంలో అతని పేరు ఒక్కచోటే ఉంది, ద్రోహి అని.

"రమ్మని మేమెవరమూ అడగలేదే" అంది సుపార్మి. కన్నీళ్లు జారిపోతుండగానే కోడలి చేతిలోంచి పెన్సిలు తీసుకుని ద్రోహి అన్న మాట తనే కొట్టేసింది. వెనింగ్ ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసింది.

"రేపు పొద్దున్నే పోనిమాన్ అన్నయ్య ఇంటికి వెళ్దాం" అంది సుపార్మి. " ముందు నేను క్షమించమంటాను. తర్వాత నువ్వు అడగాల్సింది అడుగు."