ఉమకు చూపని చేతులు

నాచారంలో బిందుమాధవి చీరల దుకాణానికి బోర్డు చిన్నది, గిరాకీ పెద్దది. రోజూ మధ్యాహ్నం ఫోన్‌ను స్టాండుకు బిగించి, బల్ల మీద చీరలు ఒక్కొక్కటే విప్పుతూ లైవ్‌లో చూపిస్తారు. మాట బిందుమాధవిది. చేతులు స్వర్ణలతవి. ఫోన్‌లో బల్ల, చీర, ఆ రెండు చేతులు తప్ప ఇంకేమీ కనబడవు. అంచు నిమిరినా, కొంగు పరిచినా, చూసేవాళ్లకు ఆ చేతులే మనిషి.

వాటికి యాభై ఏళ్లు దగ్గరపడ్డాయి. నరాలు తేలాయి. వేళ్ల ఎముకల మధ్య గుంటలు పడ్డాయి. ఒకరోజు లైవ్ మధ్యలో ఎవరో కామెంట్ పెట్టారు: "చీర బాగుంది. అమ్మమ్మ చేతులు అడ్డం తీయండి."

"పట్టించుకోకండి స్వర్ణలత గారూ," అని బిందుమాధవి నవ్వేసింది. "రేపట్నుంచి డాక్టరమ్మలా గ్లౌజులు తొడుక్కుందురు గాని."

"తొడుక్కుంట. గట్లనే ఒక సూది గూడ ఇయ్యి, ముందుగాల ఆమెకే పొడుస్త."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఇంటికి వెళ్లేటప్పుడు మాత్రం స్వర్ణలత ఆటోలో చేతులు కొంగు కింద దాచుకుంది.

నాగేందర్‌కు ఆమె రెండో భార్య. మొదటి భార్య ఉమ పెళ్లయిన రెండో ఏడే, ఆషాఢంలో, చేతులకు గోరింటాకు ఎరుపు పోకముందే జ్వరంతో పోయింది. తన పెళ్లినాటి నుంచీ స్వర్ణలత మెడలో పుస్తెల పక్కన ఉమ పేరున సవతి బిళ్ల వేలాడుతోంది. ఇంట్లోకి కొత్త చీర వచ్చినా, గాజులు వచ్చినా, ముందు ఉమ ఫోటో ముందు పెట్టాలి. పసుపు కుంకుమ చల్లి, "ముందు నువ్వు తీసుకో అక్కా, తర్వాత నేను" అనాలి. ఆ తర్వాతే ఎత్తుకుని వాడుకోవాలి. అత్త కిష్టమ్మ ఈ ఆనవాయితీ ఎన్నడూ తప్పనివ్వలేదు. స్వర్ణలత కట్టిన ప్రతి చీరా ఉమ విడిచినదే. దుకాణంలో చేతులకు వచ్చిన పేరొక్కటే తనది.

అందుకే ఇంట్లో ఎవరికీ చెప్పకుండా ఉప్పల్ మెట్రో స్టేషన్ దగ్గర, మేడ మీది స్కిన్ క్లినిక్‌కు వెళ్లింది.

డాక్టర్ చిన్న వయసు పిల్ల. ఓపికగా చెప్పింది. "ఒకటి జెల్. నచ్చకపోతే ఇంకో ఇంజెక్షన్‌తో కరిగించేయొచ్చు. రెండోది కాల్షియం ఫిల్లర్. తెల్లగా ఉంటుంది కాబట్టి నరాలు బాగా కప్పేస్తుంది, ఎక్కువ కాలం ఉంటుంది. కానీ ఒకసారి పెట్టాక వెనక్కి తీయలేం. మీ ఒంట్లో దానంతట అది కరగాల్సిందే. మొదటిసారి కదా, జెల్ పెట్టించుకోండి."

స్వర్ణలత తన చేతులను చూసుకుంది. "నిలిచేదే పెట్టుండ్రి మేడం."

సూదులు దిగాయి. చర్మం కింద చల్లగా ఏదో పాకింది. డాక్టర్ బొటనవేళ్లతో దాన్ని సమంగా నిమురుతూ ఉంటే గుంటలు నిండాయి, నరాలు మునిగాయి. కొత్త పెళ్లికూతురి చేతుల్లా తయారయ్యాయి.

వాపు తగ్గిన నాటి సాయంత్రం ముసురు పట్టింది. కరెంటు పోయింది. స్వర్ణలత వంటగదిలో మసక వెలుతురులోనే టీ వడపోసింది. తడి మట్టి వాసన వస్తోంది అనుకుంది. మట్టి కాదు... పచ్చి వాసన. రోట్లో అప్పుడే నూరిన గోరింటాకు వాసన. కిటికీ మూసింది. వాసన పోలేదు. చేతులు ముక్కు దగ్గర పెట్టుకుని, వెంటనే దించేసింది.

నాగేందర్ ముందు గదిలో కూర్చుని ఉన్నాడు. ఆమె గ్లాసు అందించబోయింది. అందించే ముందు ఆమె కుడి చెయ్యి కొంగు పట్టుకుని గ్లాసు అడుగు తుడిచింది. ఆ అలవాటు ఆమెకు లేదు.

అతను గ్లాసు అందుకోలేదు. ఆ చేతినే చూస్తున్నాడు.

"గట్ల తుడిసి ఇయ్యమని ఎవలు జెప్పిన్రు నీకు?" గొంతు చాలా చిన్నగా వచ్చింది.

"ఎవలు జెప్తరు?"

"ఉమ ఇస్తుండె గట్ల." లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా వానలోకి వెళ్లిపోయాడు.

మూల మంచం మీద నుంచి కిష్టమ్మ పిలిచింది. ఆమెకు చూపు మందగించింది, ముక్కు మాత్రం పనిచేస్తుంది. "లతా, కొత్తది ఏం దెచ్చుకున్నవే?"

"ఏం లేదత్తమ్మా."

"మరి గోరింటాకు వాసనేంది?"

దాచి లాభం లేదనిపించింది. "చేతులకు సూదులేయించుకున్న. పడుచు పిల్ల చేతుల లెక్క గావాలని."

"ఉమకు వెట్టినవా?"

"చీరెనా, గాజులా పెట్టనీకి? నా చేతులత్తమ్మా అవి."

"కొత్తయే గదనే?"

స్వర్ణలత ఇంకేమీ ఆలోచించలేదు. గబగబా దీపం వెలిగించి, ఉమ ఫోటో ముందు పీట వేసింది. రెండు చేతుల మీదా పసుపు కుంకుమ చల్లుకుంది. పీట మీద బోర్లా పెట్టి, కళ్లు మూసుకుంది.

"ముందు నువ్వు తీసుకో అక్కా. తర్వాత నేను."

గోడ పట్టుకుని వచ్చిన కిష్టమ్మ అక్కడే ఆగిపోయింది. "ఎంత పని జేస్తివే పిచ్చిదానా... చీరెనైతే చేతులతోని ఎత్తుకుంటవు. చేతులను దేనితోని ఎత్తుకుంటవే?"

స్వర్ణలత చేతులు తీయబోయింది. రాలేదు. భుజాలతో లాగింది. మణికట్టు దాకా తనవే. అది దాటాక ఏమీ తెలియడం లేదు. నొప్పి లేదు. తిమ్మిరి లేదు. అక్కడ ఏమీ లేదు...

దీపం రెపరెపలాడింది.

చేతులు లేచాయి. ఆమె లేపలేదు. నిదానంగా ఒకదానికొకటి పసుపు దులుపుకున్నాయి. దీపం వత్తి సరిచేశాయి.

మర్నాడు తలుపు తాళం వేసింది అవే. రోడ్డు మీద ఆటో ఆపింది అవే. నోరు మాత్రం ఇంకా తనదే కాబట్టి, దుకాణంలో స్వర్ణలత బిందుమాధవి చేత క్లినిక్‌కు ఫోన్ చేయించి మాట్లాడింది.

"తీసెయ్యుండ్రి మేడం. మీ కాళ్లు మొక్కుత."

"ముందే చెప్పాను కదండీ, అది తీయడానికి ఉండదు. నొప్పి ఉందా?"

"లేదు."

"వేళ్లు కదులుతున్నాయా?"

"కదుల్తున్నయ్ మేడం..."

"అయితే అంతా బాగున్నట్టే. కంగారు పడకండి."

బిందుమాధవి ఫోన్‌ను స్టాండుకు బిగిస్తూ, "చేతులు ఎంత బాగున్నాయండీ!" అంది. లైవ్ మొదలైంది. ఉప్పాడ చీర బల్ల మీద విచ్చుకుంది. వేళ్లు అంచు మీద హాయిగా జారుతున్నాయి. స్వర్ణలత పక్కింటి వాకిట్లోకి చూసినట్టు వాటిని చూస్తూ కూర్చుంది. గోళ్ల మొదళ్లలో సన్నగా ఎరుపు దిగుతోంది.

బిందుమాధవి కామెంట్లు చదువుతోంది. "ధర ఎంత అంటున్నారు... వేరే రంగు ఉందా అంటున్నారు... ఇదేంటి? 'ఉమా, ఎప్పుడొచ్చినవే' అట." తలెత్తింది. "ఉమ ఎవరండీ?"

ఆ దుకాణంలో ఆ పేరు ఎవరికీ తెలియదు.

కుడి చెయ్యి చీర వదిలింది. ఆమె మెడ దగ్గరకు వచ్చింది. పుస్తెలను పక్కకు నెట్టి, వెతికి, సవతి బిళ్లను బయటికి తీసి, ఫోన్‌కు దగ్గరగా చూపించింది. ఎడమ చెయ్యి వెల్లకిలా తిరిగి బల్ల మీద వాలింది.

అరచేతి మధ్యలో గుండ్రంగా గోరింటాకు చందమామ. ఎర్రగా పండి, ఇంకా తడిగా.