ఖాళీ గడిలోని మనుషులు

మూడేళ్ల పరిశోధన మాయమైంది. డిస్కు ఉంది, అందులో ఏమీ లేదు. నకలు టేపులూ అంతే. ఎవరో శుభ్రంగా తుడిచిపెట్టేశారు.

1987 నవంబరు, ల్యుబ్లియానా. ఊరంతా పొగమంచు. ఇన్‌స్పెక్టర్ హ్రిబార్ ఇన్‌స్టిట్యూట్ మూడో అంతస్తుకు చేరేసరికి దొంగ దొరికిందని అందరూ తేల్చేసుకున్నారు. ఆమె పేరు నేజా, ప్రొఫెసర్ వీదా క్రెగార్‌కు సహాయకురాలు. డిస్కునూ టేపులనూ కంప్యూటర్ నుంచే తుడవొచ్చు, కానీ పాస్‌వర్డ్ కావాలి. అది తెలిసినవాళ్లు ఇద్దరే. ప్రొఫెసర్ పొద్దున్నుంచీ పాఠం చెబుతూ నూరుమంది కళ్లెదుటే ఉంది. ఇక మిగిలింది నేజా. సాయంత్రంలోగా ఆ పిల్లను జైల్లో పెట్టించాలని డైరెక్టరు తొందరపడుతున్నాడు.

మామూలు జనం కంప్యూటర్‌ను దాని భాషలో ప్రశ్న అడగగలరా? అడిగితే ఎక్కడ తడబడతారు? ఇదీ ప్రొఫెసర్ పరిశోధన. అందుకు కంప్యూటర్ మొహం చూడనివాళ్లనే పిలుస్తారు. ఒక్కొక్కరినీ ప్రయోగం గదిలో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, పక్కవాళ్ల సాయం అందకుండా బయట తాళం వేస్తారు. ఆ గదికి కిటికీ లేదు. తలుపుకు లోపలివైపు పిడి లేదు. వాళ్లు టైపు చేసిన ప్రశ్నలు మాత్రం పక్కగదిలో కాగితం మీద అచ్చవుతాయి. డిస్కులోకి ఎక్కించగానే వాటిని పారేస్తారు. దొంగ చెయ్యి పడనివి ఆ ఉదయం అచ్చయినవి మాత్రమే.

హ్రిబార్ నేజాను ఆ గదిలోనే ప్రశ్నించాడు. తలుపు మూసుకోగానే అతనికే ఊపిరాడలేదు. ఇక ఆ పిల్ల సంగతి చెప్పేదేముంది? ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి.

"పాస్‌వర్డ్ ఎవరికి చెప్పావమ్మా?"

"ఎవరికీ చెప్పలేదు, కామ్రేడ్ ఇన్‌స్పెక్టర్."

"ఎక్కడ టైపు చేస్తావు?"

"ఇక్కడే. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టే ముందు నేనే కొట్టి తెరుస్తాను."

"వాళ్ల ఎదురుగానా?"

"వాళ్లకి అక్షరం ఎక్కడుందో వెతుక్కోవడమే రాదండీ. నా వేళ్లు చూస్తే మాత్రం ఏం తెలుస్తుంది?"

తెలిసినవాడు చూస్తే? హ్రిబార్ బుర్రలో ఆ ప్రశ్న మేకులా దిగింది.

ఆ ఉదయం గదిలో కూర్చున్నవాళ్లు ముగ్గురు. రొట్టెల దుకాణం మారిత్సా, రైల్వేలో రిటైరైన ష్టెఫాన్, అకార్డియన్ వాయిద్యాలు బాగుచేసే రాడో. ఎవరూ కదలడానికి వీల్లేదని హ్రిబార్ మెట్ల దగ్గర కానిస్టేబుల్‌ను నిలబెట్టాడు. మారిత్సా ఊరుకుంటుందా? "అక్కడ నా పిండి పొంగి పొర్లిపోతోంది. మీరొచ్చి పిసుకుతారా?" అని కానిస్టేబుల్‌ను వాయించేసింది. ష్టెఫాన్ బెంచీ మీదే కునుకు తీశాడు. రాడో టోపీ ఒళ్లో పెట్టుకుని బుద్ధిమంతుడిలా కూర్చున్నాడు.

హ్రిబార్ కాగితాలు తెప్పించుకున్నాడు. ముగ్గురివీ తప్పుల తడకలే. అందులో రాడోది మరీ ఘోరం. ఆనాటి కాగితాలు ప్రొఫెసర్ ఇంకా చూడలేదు. ఇన్‌స్పెక్టర్ ఆవిడను ఒక్కటే అడిగాడు. వచ్చినవాళ్లందరూ తప్పకుండా చేసే తప్పు ఏదైనా ఉందా?

ఉందని చెప్పిందావిడ. ఒక ఆసుపత్రి జాబితా ఇచ్చి, ల్యుబ్లియానావాళ్లు తప్ప మిగతా అందరినీ చూపించమని అడగమంటారు. జాబితాలో కొందరికి ఊరు గడి ఖాళీగా ఉంటుంది. ప్రత్యేకంగా అడిగితే తప్ప కంప్యూటర్ వాళ్లను చూపించదు. మూడేళ్లలో ఏ ఒక్కరూ అలా అడగలేదు. ఆవిడ నివేదిక మొత్తం దాని మీదే నిలబడి ఉంది.

హ్రిబార్ మళ్లీ కాగితాల మీదికి వంగాడు. ఈసారి తప్పుల జోలికి పోలేదు.

అందరినీ ప్రయోగం గదిలోకి పిలిచి తలుపు మూయించాడు. ఉన్నది ఒక్క కుర్చీ. అందులో రాడోను కూర్చోమన్నాడు. మిగతావాళ్లు గోడలకు అతుక్కుని నిలబడ్డారు.

"మీ కాగితం నిండా తప్పులే రాడో గారూ. కామాలు లేవు, మాటలు తలకిందులు. ఇలాంటి మొద్దు ఈ గది గడప తొక్కలేదని మేం అనుకోవాలి. అనుకున్నాం కూడా."

"అకార్డియన్లు బాగుచేసుకునేవాణ్ణి. నాకీ గొడవలేం తెలుసండీ?"

"ఎవరికీ తెలియనిది ఒకటి తెలుసు. ఊరు గడి ఖాళీగా ఉన్నవాళ్లనీ చూపించమని అడిగారు. తప్పులన్నీ కావాలని పేర్చారు. అలవాటు కొద్దీ ఆ ఒక్క ఒప్పూ పడిపోయింది. ఈ పనిలో తలపండినవాడికి తప్ప ఆ గళ్లు గుర్తురావు. అలాంటివాడికే ఈ అమ్మాయి వేళ్లు చూస్తే పాస్‌వర్డ్ తెలుస్తుంది."

రాడో తలుపు వైపు చూశాడు. పోయే దారి లేదు. ఇక తనే చెప్పేశాడు. కంప్యూటర్‌ను ప్రశ్నలడిగే ఈ భాషను అమ్ముకునే కంపెనీలో అతను ప్రోగ్రామరు. అది మామూలు జనానికి పనికిరాదని వచ్చే వారం నివేదిక వస్తే కంపెనీ మునుగుతుంది. అందుకే అతన్ని పంపారు.

"కానీ అలవాటు కొద్దీ పడింది కాదు," అన్నాడు నెమ్మదిగా. "ఒకప్పుడు క్షయ ఆసుపత్రికి ఇలాంటి జాబితానే తీశాను. ఖాళీ గళ్లు మరిచిపోయాను. ఎక్స్‌రేలో మచ్చ ఉన్నవాళ్లని కొందర్ని ఎవరూ వెతకలేదు, ఎవరూ పిలవలేదు. పొద్దున ఆ గళ్లు మళ్లీ కళ్లెదుట పడ్డాయి. ఇక్కడిది ఉత్తుత్తి జాబితానే, దొరికిపోతానని కూడా తెలుసు. అయినా వాళ్లని వదిలెయ్యడానికి చెయ్యి రాలేదు."

హ్రిబార్‌కు అతని మీద జాలి కలిగింది. అలా కలిగినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

గోడ దగ్గర నుంచి నేజా ముందుకొచ్చింది.

"ఊరూ పేరూ తెలియనివాళ్లని వదల్లేకపోయారు. నాకు పేరుంది. పొద్దున మీకు కాఫీ ఇచ్చాను. ఇందాకటి నుంచీ మీ ఎదురుగానే ఏడుస్తున్నాను. నన్నెలా వదిలేశారండీ?"