ద్వారబంధం మీది సంఖ్య

తెర మీద మూడో సంఖ్య కూడా కనబడగానే హాలంతా చప్పట్లు మోగాయి. చారుమతి మాత్రం ఆ మూడింటినీ మళ్లీ మొదటినుంచి చదువుకుంది.

ఎంత పెద్ద సంఖ్యనైనా క్షణాల్లో కారణాంకాలుగా విడగొట్టే యంత్రం ఆమెది. అంతకుముందు ఆ పని ఏ కంప్యూటర్ వల్లా అయ్యేది కాదు. ఆ ధీమాతోనే మేఘాద్రి నగరంలో ఒక ఆచారం పుట్టింది. పెళ్లినాడు వధూవరులు చెరో పెద్ద ప్రధాన సంఖ్య ఎంచుకుంటారు. అవి ప్రధానాలేనని పరీక్షా యంత్రం పచ్చదీపం వెలిగిస్తే ఆ రెంటినీ గుణించి, లబ్ధాన్ని ఇంటి ద్వారబంధం మీద చెక్కిస్తారు. దాన్ని ఆ ఇద్దరు తప్ప మూడో మనిషి విడదీయలేడని మురిసిపోతారు.

ప్రదర్శనకు చారుమతి తన ఇంటి సంఖ్యనే ఎంచుకుంది. రెండు రావలసిన చోట మూడు వచ్చాయి. ఒకటి తనది. మిగతా రెంటినీ గుణిస్తే భర్త శ్రీకంఠం ఇచ్చిన సంఖ్య. పాత ప్రేమను మరచిపోలేనివాళ్లు ఆ మనిషి సంఖ్యను దొంగచాటుగా తమ సంఖ్యలోకి గుణించి కలిపేస్తారని ఊళ్లో ఎప్పటినుంచో ఒక పుకారుంది. శ్రీకంఠానికి తనకంటే ముందు వేరే సంబంధం కుదిరి తప్పిపోయింది. పైగా తమ పెళ్లినాటికి పరీక్షా యంత్రం నడిపింది అతనే.

"పచ్చదీపం మీరే వెలిగించుకున్నారా?" అందరి ముందే అడిగేసింది.

శ్రీకంఠం ఆమె వంక చూశాడు. "దానంతటదే వెలిగింది, చారూ. నాకు తోచిన అంకెలు వేశానంతే."

"ఆమె సంఖ్య ఏది? మొదటిదా, రెండోదా?"

అతను కండువా సర్దుకుని బయటికి నడిచాడు.

హాలు ఖాళీ అయ్యాక గాని చారుమతికి బుర్ర పనిచేయలేదు. పాత యంత్రం ప్రతి సంఖ్యకూ, రెండును అన్నిసార్లు హెచ్చవేసి ఆ సంఖ్యతోనే భాగిస్తే రెండే మిగులుతుందా అన్న ఒక్క పరీక్షే పెట్టేది. ప్రధానం కానివి కూడా కోటికొకటి ఆ పరీక్షలో నెగ్గేస్తాయి. ఎవరి సంఖ్యో తెచ్చి కలిపితే అలా నెగ్గడం దాదాపు అసాధ్యం. భర్త సంఖ్యను ఆ పరీక్షకే పెట్టింది. నెగ్గింది. అంటే పచ్చదీపం దానంతటదే వెలిగింది, అతను ఆడింది అక్షరాలా నిజం. ఈ లెక్క ఆమె తన విద్యార్థులకు ఏటా చెప్పేదే. నోరు జారే ముందు ఒక్క నిమిషం ఆగి ఉంటే ఎంత బాగుండేది.

ఇంటికొచ్చేసరికి శ్రీకంఠం వీధి అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"తప్పు నాదేనండీ. మీ సంఖ్యను పాత పరీక్షకు పెట్టి చూశాను. మీరు చెప్పిందే నిజం."

"నేను చెప్పినప్పుడూ అది నిజమే కదా" అన్నాడతను. గొంతులో కోపం లేదు. ఉంటే ఆమెకు కాస్త తేలికగా ఉండేది.

"ఇది చెరిపించి కొత్త సంఖ్య చెక్కిద్దాం."

శ్రీకంఠం తలెత్తి ద్వారబంధం వైపు చూశాడు.

"అలాగే. ఈసారి నేనిచ్చేది ముందు నీ యంత్రానికి చూపించుకో" అని లేచి లోపలికి వెళ్లాడు.