దవడలో తోడు

కౌల్ బజార్‌లో బట్టల కొట్టు పైనున్న మిద్దెలో విజయమ్మ ఒక్కతే ఉంటుంది. మొగుడు పోయి ఆరేళ్ళు. మాట్లాడే దిక్కు లేక, పాపం, పప్పు ఉడికిందా లేదా అని కుక్కర్నే అడిగేది. ఒంటరితనం పగవాళ్ళకు కూడా వద్దు నాయనా!

తొంభై ఏడు ఎండాకాలంలో ఆమె ఎడమ కింది దవడ పన్ను ఊడి, అక్కడి ఎముక కరిగిపోయింది. పళ్ళ డాక్టరు గురురాజ ఆ గుంటలో ఎముక పొడి నింపి కుట్టేశాడు. ఎవరో చనిపోయిన మనిషి ఎముక. శుద్ధి చేసి సీసాలో పంపుతారట. అది గట్టిపడితే స్క్రూ దించి కొత్త పన్ను కట్టాలి.

నెల తిరక్కముందే, ఒకనాడు అన్నం ముందు కూర్చుంటే, ఎడమ దవడలోంచి సన్నగా ఒక గొంతు వినిపించింది.

"తింటివా, విజయమ్మా?"

ముద్ద చేతిలోనే ఉండిపోయింది. మూడు రోజులు భయంతో అన్నం జోలికే పోలేదు. నాలుగో రోజు... జవాబు చెప్పింది. ఆరేళ్ళుగా ఆ మాట అడిగిన నాథుడు లేడు మరి! ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆరు నెలలకు గురురాజ మూడు రకాల ఎక్స్‌రే ఫిల్ములు వెలుతురుకు పెట్టి చూసి తల గోక్కున్నాడు.

"చిన్న ఫిల్ములో ఎముక నిండుగా ఉండాది. దవడంతా తీసిన పెద్దదాంట్లోనూ ఉండాది. బెంగళూరులో తీపించిన సీటీ స్కానులో మాత్రం ఏమీ లేదమ్మా. ఖాళీ."

"యాది నిజమప్పా?"

"ఫిల్ములో ముందుదీ వెనకదీ ఒకదాని మీదొకటి పడి, లేనిది ఉన్నట్టు అగుపిస్తాది. సీటీ పొరపొరగా కోసి చూపిస్తాది. దాన్నే నమ్మల్ల. రేపు తెరిచి, ఆ పొడంతా గీకేద్దాం."

గీకేస్తే ఆ గొంతు? మళ్ళీ ఆ మిద్దె, ఆ కుక్కరు, తను.

దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరింది. కరెంటు లేదు. గోడకు ఒరిగి, దవడ మీద చెయ్యి పెట్టుకుని ఏడ్చింది.

"నువ్వు లేవంట. సీటీలో లేవంట. నిజంగానే లేవా?"

కింద బజారు చప్పుడు ఆగిపోయింది. ఎక్కడినుంచో లవంగ నూనె వాసన...

"ఉండాను..."

"మరి సీటీలో?"

"స్కాను గది తలుపు కాడ ఆయప్ప చెప్పె కదమ్మా... తోడొచ్చినోళ్ళు బయట కూకోండని. నేను లేసిపోయి బల్ల మీద కూకుంటి."

ఏడుపులోనే నవ్వొచ్చింది విజయమ్మకు. ఉంది! తన తోడు యాడికీ పోలేదు.

"రేపు నేను పోను. గురురాజప్ప ఏమన్నా అనుకోనీ."

"మంచిది..." అంది గొంతు. "ఆ బల్ల మీద శానా మంది ఉండిరమ్మా. ఎన్నాళ్ళనుంచో కాసుకోని... వాళ్ళనెవరూ పిల్సలేదు."

విజయమ్మ చెయ్యి దవడ మీదే బిగుసుకుంది.

"పాపమనిపించి..."

కుడి దవడలో ఎవరో గొంతు సవరించుకున్నారు.